అంచు మడతలో ఎర్రపోగు

ఆ రెండు నెలలూ కళ్లు మూసుకుంటే చాలు, నాకు తెల్లకోట్లే కనపడేవి. బడిపిల్లలు బట్టల మీద తొడుక్కునే, మోకాళ్ల దాకా వచ్చే కోట్లు. లోపల పిల్లలు లేకుండానే అవి ఊరంతా తిరుగుతుండేవి. బస్సులెక్కేవి, ఎర్రదీపం పడితే బుద్ధిగా ఆగేవి, నది మీది పొగమంచులోకి నడుచుకుంటూ వెళ్లిపోయేవి. నేను బకెట్ పట్టుకుని వాటి వెనకాల పరుగు. మెలకువ వచ్చాక కూడా ఏది కలో, ఏది అసలు బ్వేనోస్ ఐరెస్ నగరమో తేలడానికి కాసేపు పట్టేది.

నా పేరు నికనోరా. బొలీవియాలో ఒరూరోలో పుట్టాను. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో బట్టలు ఉతికి బతుకుతున్నాను. మా ఫ్లోరెస్ పేటలో వలస వచ్చినవాళ్లకూ, కుట్టుపని, ఇంటిపని చేసుకునేవాళ్లకూ ఒక సంఘం ఉంది. అది ఒకప్పుడు టైర్లు బాగుచేసే గరాజ్. సంఘానికి బోర్డు మీద పెద్ద పేరే రాయించాం గానీ అందరూ గరాజ్ అనే అంటారు. ఒక మూల లాయరు ఇరుపే బల్ల, ఇంకో మూల పొయ్యి మీద పెద్ద గిన్నెలో సూపు, నట్టనడుమ నా ఇస్త్రీ బల్ల. ఏ ఆఫీసుకు పోవాల్సినవాళ్లయినా ముందు నా చేతిలో పడాలి. కాలరు ఇస్త్రీ చేస్తాను, జడ విప్పి మళ్లీ అల్లుతాను, గోళ్లు చూస్తాను. ముడతల చొక్కాతో వెళ్లినవాడి మాట ఏ గుమాస్తా వింటాడు? ఈ విషయంలో ఇరుపేకూ నాకూ రోజూ గొడవే. ఆ పిల్ల పరాగ్వే నుంచి వచ్చింది, వయసు ముప్పై దాటలేదు, నోరు మాత్రం అరవై ఏళ్లది.

"నికనోరక్కా, వాళ్లు చూసేది కాగితం. కాలరు కాదు."

"కాగితాలు లేనోళ్ల సంగతి చెప్తున్నా తల్లీ నేను. నువ్వు నీ ఫైళ్లు చూసుకో."

సిరిలా మా గరాజ్‌కు వచ్చింది ఆగస్టులో, మావాళ్లందరూ భూమితల్లి పచమామకు ధూపం వేసే నెలలో. ఆ రోజు గరాజ్ నిండా పొగ. ఆ పొగలోంచి చిన్న మనిషి, భుజాన ఎర్ర కుచ్చుల శాలువా, చేతిలో నాలుగు మడతల ఉత్తరం. వలసల ఆఫీసు నుంచి వచ్చింది ఆ ఉత్తరం. సరిహద్దు దగ్గర ముద్ర వేయించుకోకుండా దేశంలోకి వచ్చావు, కనీసం ఎనిమిదేళ్లుగా ఇక్కడ ఉన్నట్టు రుజువు చూపిస్తే కాగితం ఇస్తాం, లేకపోతే దేశం వదిలి పోవాలి అని దాని సారాంశం. గడువు అక్టోబరు చివర.

నిజానికి ఆవిడ వచ్చి పదకొండేళ్లయింది. అందులో తొమ్మిదేళ్లు బడిపిల్లల తెల్లకోట్లు కుట్టే ఒక షెడ్డులో పనిచేసింది. యజమాని బయట తాళం వేసుకుని పోయేవాడు. ఎవరి పేరూ ఎక్కడా రాయలేదు. రెండేళ్ల కిందట ఒకరోజు మిషన్లతో సహా మాయమయ్యాడు. భర్త అన్సెల్మో అంతకు ఏడాది ముందే దగ్గుతో పోయాడు, అదే షెడ్డులో. వాళ్ల పెళ్లి ఏ రిజిస్టరులోనూ లేదు, శ్మశానం కాగితం మీద ఉన్నది అతని తమ్ముడి పేరు, ఆ తమ్ముడు ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

"నాకెక్కడైనా ఒకటే అక్కా. చేతులున్నాయి, కుట్టుకుని తింటా," అంది సిరిలా. "కానీ అన్సెల్మో ఇక్కడే పడుకున్నాడుగా. నేను పోతే పెద్దల పండక్కి ఆయనకి పళ్లెం ఎవరు పెడతారు? అంత దూరం నుంచి ఆకలితో వచ్చి, ఉత్త రాయి చూసుకుని పోతాడా?"

ఏడవలేదు. మామూలుగా, ఇంటికి తాళం వేశానో లేదో అన్నంత మామూలుగా అడిగింది. నా మనిషి కూడా అదే శ్మశానంలో, అక్కడికి రెండు వరసల అవతల ఉన్నాడు.

ఇరుపే చాలాసేపు అడిగింది. ఆసుపత్రి చీటీ? ఫొటో? అద్దె రసీదు? దేనికైనా సిరిలా తల అడ్డంగా ఊపడమే. ఏదో ఒకటి అనాలి కదా అని నేను శాలువా మీద పడ్డాను.

"ఆ శాలువా ఏంటే, ఒక పక్కంతా పళ్లూడిపోయింది? దాంతో ఆఫీసుకి పోతావా?"

"నేనే కోశానక్కా."

"కుచ్చులు కోసుకుంటారా ఎవరైనా!"

అప్పుడు చెప్పింది. నెలలో మొదటి శుక్రవారం మావాళ్లు నిప్పుల మీద ధూపం వేసి, నేల మీద నాలుగు చుక్కల సారా పోసి భూమితల్లిని తలుచుకుంటారు. గుడ్డల గుట్టల మధ్య అగ్గిపుల్ల గీస్తే యజమాని ఊరుకోడు. అందుకని ఆ రోజు మొదట కుట్టిన కోటులో, కింది అంచు మడత లోపల, శాలువా కుచ్చులోంచి ఒక ఎర్ర ఉన్నిపోగు కోసి పెట్టి కుట్టేసేది. వచ్చిన మొదటి ఏడాది పోగుకు ఒక ముడి. రెండో ఏడాది రెండు. అలా తొమ్మిది దాకా.

"ఎందుకు?" అంది ఇరుపే.

"నేనెక్కడున్నానో అమ్మకి తెలియాలి కదా. ఇంకెవరడిగారు నన్ను?"

ఇరుపే కలం మూత పెట్టి, మళ్లీ తీసింది. ఎనిమిదేళ్లకు ముందువంటే మొదటి మూడేళ్లవి. ఒకటీ రెండూ మూడూ ముళ్లున్న కోట్లు ముప్పై ఆరు. వేలకు వేలు తెల్లకోట్లున్న ఈ మహానగరంలో ముప్పై ఆరు. అప్పటి పిల్లలు ఇప్పుడు మీసాలు గీసుకుంటున్నారు. ఆ కోట్లు చెల్లెళ్లకూ, పక్కింటివాళ్లకూ, ఆ తర్వాత మసిగుడ్డల్లోకీ పోయి ఉంటాయి. అయినా వెతుకుదాం అంది ఇరుపే. ఆ క్షణాన ఆ పిల్లను ముద్దు పెట్టుకోవాలనిపించింది, పెట్టుకోలేదు.

పేట రేడియోలో చెప్పించాం. బడుల గేట్ల దగ్గర నిలబడ్డాం. చర్చి మెట్ల మీద అడిగాం. సంచులు సంచులుగా కోట్లు వచ్చాయి. గరాజ్‌లో సూపు గిన్నె తప్ప అంతా తెలుపే. మధ్యాహ్నం ఎండ రేకుల సందుల్లోంచి పడితే ఆ తెల్లటి గుట్టలు ఊపిరి పీల్చి వదులుతున్నట్టుండేవి. సిరిలా నడుమ కూర్చుని, కళ్లు మూసుకుని, ఒక్కొక్క కోటు అంచునూ వేళ్ల మధ్య జారవిడిచేది. మేం చేతిలో పని ఆపేసి ఆవిడ వేళ్లకేసి చూస్తూ కూర్చునేవాళ్లం.

"అయిదు ముళ్లు," అనేది ఉన్నట్టుండి. "ఈ ఏడాదే ఆయనకి దగ్గు మొదలైంది."

ఇంకోసారి, "ఏడు. ఆ శుక్రవారం వాన. షెడ్డులో మోకాలి లోతు నీళ్లు. మిషన్ల మీద కాళ్లు పెట్టుకుని కూర్చుని పాటలు పాడుకున్నాం."

ఆవిడ కళ్లు మూసుకుని చెబుతుంటే ఆ పాట మాకూ వినపడేది. నేనైతే అన్సెల్మో దగ్గు కూడా విన్నాను, ఒట్టు. రెండు నెలలకు మూడు ముళ్ల దాకా ఉన్నవి నాలుగు దొరికాయి. ఒక ముడిది ఒకటి, రెండు ముళ్లది ఒకటి, మూడు ముళ్లవి రెండు. కోటు మెడ వెనక లేబుల్ మీద అది కుట్టిన సంవత్సరం అచ్చువేసి ఉంది. వాటిని తీసిపెట్టి, మిగతావన్నీ ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేశాం.

ఈ మధ్యలో ఫోర్తునాతా గురించి కూడా చెప్పాలి. పొద్దున పూట వలసల ఆఫీసు ముందు క్యూలో, మధ్యాహ్నం మా గరాజ్ ముందు, కజ్జికాయల్లా ఉండే వేడి వేడి సల్తేన్యాలు అమ్ముతుంది. లోపల మాంసం, ఉల్లి, జీలకర్ర. కొరికితే మోచేతి దాకా రసం. తినడానికి అమృతం, బుట్ట మీద కప్పిన గుడ్డ చూస్తే మాత్రం నా చేతులు సబ్బు కోసం వెతుక్కునేవి. జిడ్డుతో గోధుమ రంగుకు తిరిగిన గుడ్డ, దాని రెండు కొసలూ బుట్ట కింద ముడేసి ఉండేవి.

"దాన్ని ఇటివ్వవే. ఉతికి, గంజి పెట్టి ఇస్తా. డబ్బులడగను."

"నీ చెయ్యి దీని మీద పడిందా, నా వ్యాపారం మునిగినట్టే," అనేది ఫోర్తునాతా బుట్టను వాటేసుకుని. "ఈ వాసనకే కదా క్యూ అంతా తల తిప్పేది!"

విచారణ ఎల్లుండనగా ఇరుపే ఆ నాలుగు కోట్లూ నా ఇస్త్రీ బల్ల మీద పెట్టింది.

"అక్కా, అంచు మడతలు మాత్రం విప్పొద్దు. ఆ ఆఫీసరే తన చేత్తో విప్పి చూడాలి. అర్థమైందా?"

"నాకు చెవులున్నాయిలే," అన్నాను.

ఒకదాని మీద సిరా. ఒకదాని జేబులో ఎండిపోయిన జామ్. ఒకటి పిల్లి పడుకున్న వాసన. వీటినా ఆ ఆఫీసరు బల్ల మీద పెట్టేది? విప్పొద్దంది గానీ ఉతకొద్దనలేదుగా. ఇంటికి పట్టుకుపోయి, పొద్దున్నే బ్లీచ్ నీళ్లలో నానబెట్టాను. బాగా చిక్కగా కలిపాను. మధ్యాహ్నం దాకా ఉంచి, జాడించి, నీలిమందు పెట్టి, గంజి పెట్టి, డాబా మీద ఆరేశాను. గాలికి నాలుగు కోట్లూ చేతులు చాచి పైకి లేచాయి. వాటి వెనక ఊరు, ఊరి వెనక నది, అంతా వెలిగిపోతోంది. నా కలలోని కోట్లు నా తాడు మీదికి వచ్చి వాలాయనుకున్నాను. అంత గర్వం నాకు నా పెళ్లిరోజున కూడా లేదు.

మర్నాడు పొద్దున, వలసల ఆఫీసు ఉన్న రేవు దగ్గర దట్టమైన పొగమంచు. ఎక్కడో కనపడని ఓడలు కూతలు పెడుతున్నాయి. ఆఫీసరు కళ్లజోడు పెట్టుకున్న మనిషి, గొంతు మెత్తన. ఇరుపే చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. మడత నలగని నాలుగు కోట్లు ముందు పెట్టుకుని, సొరుగులోంచి చిన్న కత్తెర తీసి, మొదటి కోటు అంచు విప్పాడు. ఏమీ లేదు. రెండోది విప్పాడు. మూడోది. నాలుగోది. తెలుపు, తెలుపు, ఇంకా తెలుపు.

సిరిలా ఒక కోటును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"అక్కా, బ్లీచ్ పెట్టావా?"

అందులో కోపం లేదు. కొట్టినా బాగుండేది. బ్లీచ్ ఉన్నిని తినేస్తుందని నాకు తెలియదా? ముప్పై ఏళ్లుగా ఉతుకుతున్నాను, ఎవరి స్వెటరూ పాడుచేయలేదు. కానీ నా కళ్లకు కనపడింది నాలుగు మురికి నూలుకోట్లు. చేతులు వాటి అలవాటు కొద్దీ అవి చేసుకుపోయాయి. లోపలున్నది ఒక మనిషి బతుకని గుర్తుకు రాలేదు.

"ఒంటిగంటకి ఫైలు మూసెయ్యాలమ్మా," అన్నాడు ఆఫీసరు కళ్లజోడు తుడుచుకుంటూ. "ఈలోగా ఇంకేమన్నా ఉంటే తీసుకురండి."

అప్పుడు పదకొండయింది. బయటికొచ్చాం. ఇరుపే ఫోను మీద ఫోను చేస్తోంది. ఏ ఇంటికి ఏ కోటు తిరిగి ఇచ్చామో, అందులో మేం తడమనిది ఏదైనా మిగిలిందేమో అని. క్యూ పొగమంచులోంచి పుట్టి పొగమంచులోకే పోతోంది. నేను గట్టు మీద కూలబడి బావురుమన్నాను. సిరిలా నా పక్కన కూర్చుని నా వీపు నిమురుతోంది. ఎవరు ఎవరిని ఓదార్చాలో చూడండి.

"పెద్దల పండగ ఇంకా మూడ్రోజులుందిగా, ఇప్పుడే మొదలెట్టారేంటి ఏడుపులు?" అంటూ మంచులోంచి ఫోర్తునాతా వచ్చింది. మా మొహాలు చూసింది. సిరిలా చేతిలో ఒక సల్తేన్యా పెట్టి, బుట్ట దించింది. "తిను. ఏదొచ్చినా తిన్నాకే."

నాకు ముక్కు కారిపోతోంది, చేతిరుమాలు లేదు. ఎన్నడూ ముట్టనిదాన్ని, ఆ బుట్ట మీది జిడ్డుగుడ్డ కొస పట్టుకుని లాగాను.

సిరిలా నా మణికట్టు పట్టుకుంది.

ఆవిడ చూపు గుడ్డ మీదే ఉంది. నేను లాగిన కొసకు గుండీ ఉంది. అది కొస కాదు, కోటు చెయ్యి. ఇన్నేళ్లూ ఆ కోటు రెండు చేతులతో బుట్టను కావిలించుకుని మా కళ్ల ముందే తిరిగింది, ఈ ఆఫీసు గుమ్మం ముందే నిలబడింది. సిరిలా కళ్లు మూసుకుంది. వేళ్లు జిడ్డు అంచు వెంట మెల్లగా నడిచి, ఒకచోట ఆగాయి.

"రెండు," అంది.

మళ్లీ ఓడ కూత. ఇరుపే ఫోను జేబులో పడేసి పరిగెత్తుకొచ్చింది.

"ఫోర్తునాతా, ఇదెక్కడిది నీకు?"

"మా మేనకోడలిది. దానికి పొట్టైపోతే బుట్టకి కట్టా. నాలుగైదేళ్లయింది. ఏం?"

"ఎప్పుడన్నా ఉతికావా దీన్ని?"

"చూడు లాయరమ్మా, నా వంటని ఏమన్నా అను, పడతా. అది మాత్రం అనకు. చుక్క నీళ్లు తగలనియ్యలా!"

నేను ఫోర్తునాతా మెడ పట్టుకుని ముద్దులు పెట్టేశాను. బుట్ట మీద నా తెల్లటి ఏప్రన్ విప్పి కప్పాను. కోటు పట్టుకుని ముగ్గురం లోపలికి పరిగెత్తాం.

ఆ కోటు బల్ల మీద పడగానే గది నిండా జీలకర్ర, ఉల్లి. ఆఫీసరు ముక్కు ఎగబీల్చాడు, కాస్త ఆకలిగానే. మెడ వెనక లేబుల్ చదివాడు, సంవత్సరం సరిపోయింది. కత్తెరతో అంచు విప్పాడు. మడతలోంచి ఎర్రపోగు బయటికొచ్చింది, రెండు ముళ్లతో. అది పడుకున్న చోట, చుట్టూ బెత్తెడు మేర గుడ్డ గులాబీ రంగుకు తిరిగింది. పిల్ల చెంపలా ఉంది ఆ రంగు.

"ఇది నిన్న పెట్టి కుట్టి ఉండొచ్చు కదా?" అన్నాడు. తప్పు పట్టడం కాదు, అడగాలి కాబట్టి అడిగాడు.

ఇరుపే నోరు తెరిచేలోగా నేనే లేచాను.

"సార్, నాకు చదువు రాదు, చట్టం తెలీదు. ముప్పై ఏళ్లుగా మురికితో పోట్లాడుతున్నా. ఈ జిడ్డు ఒక్కరోజులో రాదు. కుట్టు దారం చూడండి, అది కూడా జిడ్డు తాగేసింది. ఈ గులాబీ మరక చూడండి, బడిపిల్ల తల్లి ఏళ్ల తరబడి ఉతికితే ఉన్ని రంగు ఇలా కొంచెం కొంచెంగా దిగుద్ది. నేనెంత ప్రయత్నించినా ఇంత నిజమైన మురికి చెయ్యలేను సార్."

సిరిలా శాలువా తీసి బల్ల మీద పరిచింది. పోగును తీసుకుని, కుచ్చులు తెగిన పక్కన, కోసిన మొదళ్ల దగ్గర పెట్టింది. ఒకటే ఎరుపు, ఒకటే పురి. ఆఫీసరు తెగిన కుచ్చుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే దాటుకుంటూ పోయాడు. సగం దాకా పోయి ఆగిపోయాడు.

"ఇవన్నీ ఊళ్లోనే ఉన్నాయా?"

"ఉన్నాయి సార్. పిల్లలు తిరిగిన చోటల్లా తిరిగాయి. నేనే, తాళం లోపల ఉన్నా."

కిటికీలో పొగమంచు విడిపోతోంది. ఒక ఓడ ముక్కు కనపడింది, తర్వాత ఓడంతా. ఆయన కలం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. కోటు ఫైల్లోనే ఉండాలన్నాడు, దానికి ఒక సంఖ్య వేశాడు. ముద్ర కొట్టి కాగితం ఇస్తున్నప్పుడు దాని మూల మీద ఆయన వేలి జిడ్డు మచ్చ పడింది. తుడవాలని నా చెయ్యి లేచింది. దాన్ని నేనే రెండో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాను.

బయట ఫోర్తునాతా బుట్ట ఖాళీ. నా ఏప్రన్ మీద అప్పటికే అరచేయంత జిడ్డు. "ఇది నాకే ఉండనీ," అంది. ఉండనిచ్చాను.

పెద్దల పండగ రోజు ఫ్లోరెస్ శ్మశానమంతా సంత. అకార్డియన్లు, నిచ్చెన ఆకారంలో చేసిన రొట్టెలు, మొక్కజొన్న సారా, పిల్లల అరుపులు. జకరండా పూలు అప్పుడే మొదలై సమాధుల మీద ఊదా రంగు రాలుతున్నాయి. సిరిలా అన్సెల్మో రాయి మీద గుడ్డ పరిచి, పళ్లెంలో మిరపకాయల కూర, బంగాళాదుంపలు, మనిషి మొహం ఉన్న రొట్టె పెట్టింది. గ్లాసులో బీరు పోసి, ముందు నేల మీద నాలుగు చుక్కలు ఒలికించింది. చనిపోయినవాళ్లు వచ్చి తిని, మధ్యాహ్నం పన్నెండుకు వెళ్లిపోతారు. అప్పటిదాకా మేం ఎండలో కళ్లు మూసుకుని కూర్చున్నాం. నిద్రో కలో, తెల్లకోట్లు సమాధుల మధ్య నడిచి వస్తున్నాయి. ఈసారి వాటి లోపల పిల్లలున్నారు.

గంట కొట్టారు. కళ్లు తెరిస్తే రొట్టె ఒక పక్క విరిగి ఉంది. పిచ్చుకలో, పక్క సమాధి పిల్లలో. గుడ్డ మీదంతా రొట్టె పొడి. నేను అలవాటు కొద్దీ దులపబోయాను.

సిరిలా నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ అక్కా. ఆయనొచ్చి తిన్నట్టు కనపడాలి కదా."